పాత టేబుల్ సా లాగడం లేదా? మోటారు మార్చే ముందు ఇవి చూడు

తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్నిబట్టి నాకు అర్థమైంది ఇది. సోంపేట దగ్గర మీ ఊళ్లో మీ నాన్నగారు వాడిన పాత టేబుల్ సా, అంటే బల్ల మధ్యలో గుండ్రటి బ్లేడు తిరిగే రంపం మిషన్ ఉంది. పోత ఇనుము బల్ల, కింద 2 హెచ్‌పి సింగిల్ ఫేజు మోటారు, వి-బెల్టు, 12 అంగుళాల బ్లేడు. అంగుళం మందం మామిడి చెక్క బాగానే కోస్తోంది. రెండంగుళాల పనస, టేకు నిలువుగా చీల్చబోతే మాత్రం బ్లేడు నెమ్మదించి ఆగిపోయేంత పని అవుతోంది. కాసేపటికి కమురు వాసన వస్తోంది, ఒక్కోసారి ఎంసీబీ (కరెంటు ఎక్కువ లాగితే తనంతట తానే ఆపేసే బోర్డు స్విచ్) పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గు దగ్గర మీటరు పెట్టి, 225 వోల్టులు ఉంది, కరెంటు తప్పు కాదు, మోటారుకి వయసైపోయింది, కొత్తది కొనమన్నాడు. కొనాలా వద్దా అన్నది నీ ప్రశ్న.

ఇప్పుడే కొనకు. విజయనగరంలో మోటార్లు చుట్టడం, చెక్క పని మిషన్లు బాగుచేయడం నా పని. ముప్పై ఏళ్లు దాటింది. "లాగట్లేదు" అంటూ నా దగ్గరికి వచ్చిన టేబుల్ సాలలో నిజంగా మోటారు పాడైనవి తక్కువ. ఇంకో సంగతి. నీ మిషన్‌లో ఉన్నలాంటి ఇండక్షన్ మోటారు మనిషిలా ఏటికేడాది నీరసించదు. లోపలి తీగ చుట్ట (వైండింగు) కాలితే పొగ వస్తుంది, బేరింగు పోతే అరుస్తుంది, కండెన్సర్ (మోటారు తిరగడానికి ఊతమిచ్చే డబ్బా) పోతే మూలుగుతుంది. చుట్ట, బేరింగులు, కండెన్సర్ మూడూ బాగున్నంతవరకు ఇరవై ఏళ్ల కిందట ఎంత లాగిందో ఇవాళా అంతే లాగుతుంది. కాబట్టి "వయసైపోయింది" అంటే అది కారణం చెప్పినట్టు కాదు. కారణం ఇంకా దొరకలేదని అర్థం.

ముందు తేల్చాల్సింది ఒకటే: మోటారుకి అందాల్సిన కరెంటు అందడం లేదా, లేక మోటారు మీద పడే బరువు (లోడు) పెరిగిందా?

దీనికి మొదటి పరీక్ష చెవితోనే. ఎప్పుడూ ఇబ్బంది పెట్టే ఆ రెండంగుళాల చెక్కే పెట్టి, బ్లేడు నెమ్మదించడం మొదలైన క్షణంలో మోటారు శబ్దం విను. విని వెంటనే చెక్క తోయడం ఆపెయ్, బ్లేడు పూర్తిగా ఆగిపోయేదాకా నొక్కకు. బ్లేడు నెమ్మదిస్తున్నా మోటారు శబ్దం అదే జోరులో ఉంటే, మధ్యలో బెల్టు జారుతోంది, లేదా పుల్లీ షాఫ్టు మీద జారుతోంది. బ్లేడుతోపాటు మోటారు కూడా గొంతు దించి మూలిగితే బెల్టు తప్పు కాదు. అప్పుడు చూడాల్సింది బ్లేడు వైపు బరువు, లేదా మోటారుకి వచ్చే వోల్టేజీ. ఎంసీబీ పడుతోందన్నావు కాబట్టి నీ కేసు రెండో రకమేమో అని నా అనుమానం. బెల్టు జారితే మోటారు మీద బరువు తగ్గుతుంది, ఎంసీబీ పడాల్సిన పనిలేదు.

ఇక్కడినుంచి మిషన్ మీద చెయ్యి వేసే ప్రతిసారీ ప్లగ్గు పీకి, అది నీ కళ్లకు కనపడేచోట పెట్టుకో. స్విచ్ ఆపితే చాలదు. పాత స్విచ్‌లు న్యూట్రల్ మాత్రమే తెంపి ఫేజు అలాగే ఉంచినవి నేను చూశాను.

బ్లేడుతో మొదలుపెడదాం. ఎక్కువ మిషన్లు ఇక్కడే తేలిపోతాయి. ముందు పళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టు. ప్లైవుడ్, సన్‌మైకా పనికోసం కొన్న 80 పళ్ల బ్లేడు బిగించి దాంతోనే టేకు దుంగలు చీలుస్తున్నవాళ్లు చాలామంది ఉన్నారు. అది అడ్డకోతకి, నునుపైన అంచుకి చేసిన బ్లేడు. నిలువుగా చీల్చేటప్పుడు పొట్టు పొడవాటి పీచులా వస్తుంది. పన్నుకీ పన్నుకీ మధ్య ఉన్న చిన్న గుంట ఆ పొట్టును పట్టలేదు. గుంట నిండాక పన్ను కోయడం మానేసి రాస్తుంది. ఆ రాపిడితోనే కమురు వాసన, చెక్క మీద నల్ల చారలు. నిలువు కోతకి 12 అంగుళాల బ్లేడులో 24 నుంచి 40 పళ్లు చాలు. నీ బ్లేడుకి 60, 80 ఉంటే ముందు అది మార్చి చూడు. చాలాసార్లు రోగం అక్కడితో పోతుంది.

పళ్లు సరిపోయినా పదును చూడాలి. బ్లేడు విప్పి, వెలుతురులో పన్ను కొనను నీ వైపు తిప్పి చూడు. పదునున్న కొన వెలుతురును తిరగగొట్టదు. కొన వెంట సన్నటి తెల్లని గీత మెరుస్తుంటే మొద్దుబారిందని లెక్క. బొటనవేలి గోరు మీద పన్నును మెల్లగా ఆనించి లాగితే పదునున్నది గోరును పట్టుకుంటుంది, మొద్దుది జారిపోతుంది. టీసీటీ పళ్లను (కొనకి గట్టి కార్బైడ్ ముక్క అతికించినవి) ఆకురాయితో నువ్వే రాయకు. ఆ పళ్లకి వజ్రపు చక్రం ఉన్న సాన మిషన్ కావాలి. ఒక్కో పన్ను ఒక్కో ఎత్తులోకి వస్తే బ్లేడు ఇంకా పాడవుతుంది.

మీ ఉద్దానం వైపు ఇంకో సమస్య ఉంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను మీ మీదుగా దాటినప్పుడు కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లు ఎన్ని పడిపోయాయో నీకు నేను చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఆ వైపు నుంచి నా దగ్గరికి వచ్చిన మిషన్లన్నిటిదీ ఒకటే కథ: మోటారు బాగానే ఉంది, బ్లేడు పళ్లు మాత్రం అరిగి గుండ్రంగా అయిపోయాయి. పడిన దుంగను ఇసుకలో ఈడ్చుకొస్తారు, బెరడు సందుల్లో ఇసుక ఇరుక్కుంటుంది. కంచె తీగ కట్టిన చెట్లలో ఎప్పటివో మేకులు లోపల దాక్కుని ఉంటాయి. కొబ్బరి మాను పై పొర కూడా పదునును తొందరగా తినేస్తుంది. కోసే ముందు బెరడు తీసి, ఇనుప బ్రష్‌తో ఇసుక దులిపితే బ్లేడుకి ఎంతో ఆయుష్షు.

పనస విషయం వేరే చెప్పాలి. గొప్ప కర్ర అది, బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో వీణలు చేసేది దాంతోనే. కానీ పచ్చిగా ఉన్నప్పుడు దాని పాలు బ్లేడుకి పట్టుకుని గట్టిపడతాయి. పన్ను పక్కన అర మిల్లీమీటరు జిగురు పేరుకున్నా చాలు, కోసిన సందులో బ్లేడు బిగుసుకుంటుంది. బ్లేడు విప్పి, కిరసనాయిలు పోసిన పళ్లెంలో అరగంట ఉంచి, పాత టూత్‌బ్రష్‌తో రుద్దు. తరవాత గుడ్డతో పూర్తిగా తుడిచి, ఆరాకే బిగించు. పచ్చి కర్రకి, ఆరిన కర్రకి లాగే బరువులో చాలా తేడా ఉంటుంది. నువ్వు కోస్తున్న పనస ఎన్నాళ్ల కిందట పడగొట్టిందో కూడా చూసుకో.

బ్లేడు తర్వాత గైడు. చెక్కను ఆనించి తోసే ఆ గైడు బ్లేడుకి సమాంతరంగా లేకపోతే, చెక్క బ్లేడు వెనక వైపు ఒత్తుకుంటుంది. బ్లేడు వెనక పళ్లు పైకి లేస్తూ ఉంటాయి కాబట్టి మోటారు బలం వృథా కావడమే కాదు, చెక్క ఎగిరి నీ పొట్ట మీదికి రావచ్చు. అందుకే దీన్ని తేలిగ్గా తీసుకోకు. ఒక పన్నుకి సుద్దతో గుర్తు పెట్టు. ఆ పన్ను ముందువైపు ఉన్నప్పుడు బల్ల మీది గాడి నుంచి దూరం కొలువు. బ్లేడు చేత్తో తిప్పి అదే పన్నును వెనక్కి తెచ్చి మళ్లీ కొలువు. తేడా రెండు కాగితాల మందం మించితే బల్ల కింద బోల్టులు వదులు చేసి సరిచేయాలి. తర్వాత గైడును ఆ గాడికి సమానంగా సర్దు. పాత మిషన్ కాబట్టి బ్లేడు వెనక రివింగ్ నైఫ్ ఉండి ఉండదు. కోసిన సందు మూసుకోకుండా ఆపే ఆ చిన్న రేకు లేకపోతే, లోపల బిగువున్న కర్ర కోసినకొద్దీ దగ్గరికి వచ్చి బ్లేడును పట్టేస్తుంది. బ్లేడు మందానికి సరిపడా ఒకటి చేయించి బిగించు. ఇది నేను అడిగి మరీ చేయించే పని. వేళ్లు పోగొట్టుకున్న మేస్త్రీలను ఇద్దరిని దగ్గరగా ఎరుగుదును.

బెల్టు గురించి ఎక్కువ చెప్పను. వి-బెల్టు పట్టు దాని పక్కల్లో ఉంటుంది, అడుగున కాదు. పుల్లీ గాడి అడుగు అద్దంలా మెరుస్తుంటే బెల్టు అరిగి అడుగుకి ఆనుతోందని అర్థం, కొత్తది వెయ్యాలి. గుగ్గిలం, జిగురు రాసి నడిపించడం వద్దు. మధ్యలో బొటనవేలితో నొక్కితే అర అంగుళం దాకా దిగాలి. తాడులా బిగిస్తే బేరింగులు పోతాయి. బెల్టు తీసినప్పుడే పుల్లీని పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూడు. లోపల కీ (పుల్లీని షాఫ్టుకి పట్టి ఉంచే చిన్న ఇనుప ముక్క) అరిగినా, బిగింపు స్క్రూ వదులైనా పుల్లీ షాఫ్టు మీదే తిరుగుతుంది. అలాగే బెల్టు లేకుండా బ్లేడు షాఫ్టును చేత్తో తిప్పు. వదిలేస్తే కాసేపు నిశ్శబ్దంగా తిరిగి ఆగాలి. గరగరమన్నా, ఠక్కున ఆగినా బేరింగులు మార్చు. పెద్ద ఖర్చు కాదు.

ఇక నీ ఎలక్ట్రీషియన్ చెప్పిన 225 దగ్గరికి వస్తాను. ఆ కొలత తప్పని అనను. కానీ మోటారు నడవనప్పుడు తీసిన కొలత అది. కుళాయి మూసి ఉన్నప్పుడు పైపులో ఒత్తిడి ఎంతుందో చూస్తే ఏం తెలుస్తుంది? తిప్పాక ధార ఎలా వస్తుందో చూడాలి కదా.

నా సొంత తప్పు ఒకటి చెబుతాను. పని మొదలుపెట్టిన కొత్తలో ఒక వడ్రంగి మేస్త్రి తన 2 హెచ్‌పి మోటారు తెచ్చాడు. లాగట్లేదన్నాడు. చుట్ట నల్లబడి ఉంటే కొత్తగా చుట్టి ఇచ్చాను. నా షాపులో చక్కగా తిరిగింది. ఆరు నెలలకి మళ్లీ కాలిపోయి వచ్చింది. మళ్లీ చుట్టాను. మూడోసారి ఆయన మోటారు తేలేదు, వచ్చి గుమ్మంలో నిలబడి, "ఏటి బాబూ, నీ దగ్గర తిరిగే మోటారు నా దగ్గర ఎందుకు తిరగదు?" అన్నాడు. ఆ రోజు సైకిలు మీద ఆయనతో వెళ్లాను. ఇంట్లో బోర్డు నుంచి పెరట్లో షెడ్డుకి దాదాపు ముప్పై మీటర్లు, లైట్లకు వేసే సన్న వైరు, మధ్యలో చేత్తో మెలిపెట్టి టేపు చుట్టిన అతుకులు రెండు. చెక్క పెట్టి కోయమని మోటారు దగ్గర మీటరు పెట్టి చూస్తే వోల్టేజీ 180 దగ్గర ఊగుతోంది. రెండు చుట్టుడు డబ్బులూ ఆయనకి తిరిగి ఇచ్చేశాను. అప్పటినుంచి ఏ మోటారు వచ్చినా ముందు వైరు గురించే అడుగుతాను.

లెక్క చూడు. 2 హెచ్‌పి సింగిల్ ఫేజు మోటారు నిండు బరువు మీద సుమారు 11, 12 ఆంపియర్లు తీసుకుంటుంది. కోతలో మొరాయిస్తే 25 దాటుతుంది. స్టార్ట్ అయ్యే క్షణంలో ఐదారు రెట్లు. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు ముప్పై మీటర్లు వేస్తే, పోను రాను అరవై మీటర్లకి నిరోధం ముప్పావు ఓము దగ్గర ఉంటుంది. 25 ఆంపియర్లకి ఆ వైరులోనే 18 వోల్టులు పోతాయి. స్టార్టింగులో 45 దాకా పోతాయి. 1 చదరపు మిల్లీమీటరు వైరైతే ఇంకా సగం ఎక్కువ. అతుకులు, మాడిన ప్లగ్గు పిన్నులు దీనికి అదనం. అదే 4 చదరపు మిల్లీమీటర్ల వైరు వేస్తే 25 ఆంపియర్లకి పోయేది 7 వోల్టులే.

పది, ఇరవై వోల్టులే కదా అనుకోకు. ఈ మోటారు బలం వోల్టేజీ వర్గంతో మారుతుంది. 230 మీద ఉన్న బలంలో, 200 వోల్టులకి నాలుగో వంతు పోతుంది. 180కి వస్తే అరవై శాతమే మిగులుతుంది. బలం తగ్గితే మోటారు నెమ్మదిస్తుంది, నెమ్మదిస్తే ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, దాంతో వైరులో ఇంకా ఎక్కువ వోల్టేజీ పోతుంది. ఇలా గుండ్రంగా తిరిగి ఎంసీబీ పడుతుంది. నీ వాసన, నీ ఎంసీబీ రెండూ ఈ బొమ్మలో సరిగ్గా సరిపోతున్నాయి.

కాబట్టి ఎలక్ట్రీషియన్‌ని మళ్లీ పిలిచి, మోటారు టెర్మినల్ బాక్సు దగ్గర కొలవమను. కరెంటు ఆపి, మీటరు వైర్లను క్లిప్పులతో తగిలించి, బాక్సు మూతకి దూరంగా నిలబడ్డాకే ఆన్ చెయ్యాలి. మిషన్ నడుస్తుండగా చేతిలో ప్రోబ్‌లు పట్టుకుని వంగడం వద్దు. ఖాళీగా ఉన్నప్పుడు ఒక కొలత, చెక్క కోస్తున్నప్పుడు ఒక కొలత. అదే సమయంలో బోర్డు దగ్గర ఇంకొకరు కొలవాలి. వోల్టేజీ బోర్డు దగ్గర నిలబడి, మోటారు దగ్గర పడిపోతే తప్పు నీ వైరుది. బోర్డు దగ్గరే పడిపోతే తప్పు సర్వీసు వైరు అతుకుల్లోనో, స్తంభం దగ్గరో, లైన్లోనో ఉంది. అప్పుడు కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించు. పొద్దున బాగా లాగి సాయంత్రం మొరాయిస్తుంటే లైను వోల్టేజీని అనుమానించు. వారంపాటు మూడు పూటలా రాసి పెట్టుకుంటే ఫిర్యాదుకి బలం ఉంటుంది.

ప్లగ్గు, సాకెట్ కూడా చూడు. 16 ఆంపియర్లది ఉండాలి. పది నిమిషాలు కోశాక ప్లగ్గు పట్టుకుంటే వేడిగా ఉంటే లోపల పిన్నులు వదులయ్యాయి. ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద ఈ మిషన్ నడపకు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాక మోటారు విప్పే మాట. బెల్టు తీసి ఖాళీగా నడిపించు. రెండు క్షణాల్లో పూర్తి వేగం అందుకోవాలి, అందుకునేటప్పుడు లోపల "టిక్" మని ఒక శబ్దం రావాలి. ఆపాక వేగం తగ్గుతూ మళ్లీ "టిక్" మనాలి. అది సెంట్రిఫ్యూగల్ స్విచ్. మోటారు వేగంలో ముప్పాతిక వంతు అందుకోగానే స్టార్టింగ్ కండెన్సర్‌ని తప్పించడం దాని పని. రంపపు పొట్టు చేరి అది ఇరుక్కుంటే కండెన్సర్, స్టార్టింగ్ చుట్ట లైన్లోనే ఉండిపోతాయి. మోటారు గుయ్యిమంటుంది, వేడెక్కుతుంది, లాగదు. మీది సముద్రం గాలి తగిలే చోటు కాబట్టి కాంటాక్టుల మీద పచ్చని చిలుము కూడా చేరుతుంది. సున్నా నంబరు ఎమరీ కాగితంతో మెల్లగా తుడిస్తే చాలాసార్లు బాగవుతుంది. ఆ పట్టున లోపలి పొట్టంతా ఊది, ఫ్యాను కవరు రంధ్రాలు శుభ్రం చెయ్. గాలి ఆడకపోతే మంచి మోటారు కూడా కాలుతుంది.

కొన్ని మోటార్లకి రెండు కండెన్సర్లుంటాయి. ఒకటి స్టార్టింగ్‌కి, ఇంకోటి ఎప్పుడూ లైన్లో ఉండే రన్నింగ్ కండెన్సర్. పైన వయసు మాట చెప్పాను కదా, మోటారులో నిజంగా ఏటికేడాది నీరసించే భాగం ఏదైనా ఉంటే అది ఈ రన్నింగ్ కండెన్సర్. దాని మీద రాసిన మైక్రోఫారడ్ల కంటే పది శాతం తగ్గితే మార్చెయ్. ఖరీదు తక్కువ, ఫలితం ఎక్కువ. విప్పిన కండెన్సర్‌ని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేయకు, హోల్డరుకి వైర్లు కట్టిన 100 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బు రెండు కొసలకీ కాసేపు తాకించి ఖాళీ చెయ్. ఆ తర్వాతే చేత్తో ముట్టుకో.

ఈ మోటారు ఎప్పుడైనా రీవైండింగ్ అయిందా అని ఇంట్లో అడుగు. రాగి బదులు అల్యూమినియం తీగ చుట్టినా, చుట్లు తేడా చేసినా బలం అప్పటినుంచే తగ్గి ఉంటుంది. అదే మందంలో అల్యూమినియం వాహకత రాగిలో అరవై శాతమే. అమ్మని అడిగితే గుర్తుండొచ్చు, మోటారు బస్సెక్కించిన రోజులు ఇంట్లోవాళ్లు మరిచిపోరు.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. అన్నీ బాగున్నా, 2 హెచ్‌పితో 12 అంగుళాల బ్లేడు మూడంగుళాల టేకును ఒక్క దెబ్బలో చీల్చలేదు. మీ నాన్నగారు కూడా రెండు దఫాలుగా కోసి ఉంటారు: సగం లోతు ఒకసారి, చెక్క తిరగేసి మిగతా సగం. దానికి బదులు 10 అంగుళాల, సన్న కోత బ్లేడు వేసి చూడొచ్చు. వ్యాసం తగ్గితే పన్ను దగ్గర తోపు ఐదో వంతు పెరుగుతుంది, కోత సన్నమైతే తీయాల్సిన పొట్టు తగ్గుతుంది. నీ పనిలో మూడంగుళాల లోపు చెక్కే ఎక్కువైతే అదే నా సలహా.

ముందు బ్లేడు శుభ్రం చేసి, గైడు కొలిచి, ఆ తర్వాత రెండు చోట్లా వోల్టేజీ తీసి నాకు రాయి. నాలుగు అంకెలు కావాలి: బోర్డు దగ్గర ఖాళీగా, కోతలో, మోటారు దగ్గర ఖాళీగా, కోతలో. వాటితోపాటు బ్లేడు పళ్లు ఎన్నో, బోర్డు నుంచి షెడ్డుకి వైరు ఎన్ని మీటర్లో, దాని మీద ఏ సైజు రాసుందో చెప్పు. అవి చూశాక మోటారు విప్పాలో వద్దో చెబుతాను.